పాక వెతికితే లేపాక్షి

లేపాక్షికి ఆ పేరెలా వచ్చిందని ఊళ్ళో ఎవరినడిగినా మొదట చెప్పేది జటాయువు కథే. రావణుడి కత్తివేటుకు రెక్క తెగి పడివున్న పక్షిని చూసి రాముడు ‘లే పక్షీ’ అన్నాడట. రెండో కథ గుడి కట్టించిన విరూపణ్ణది. ఖజానా సొమ్ము గుడికి తగలేశాడని నింద పడితే, రాజు కళ్ళు పీకించేలోగా తానే పీక్కుని గోడకేసి కొట్టాడట. ఆ గోడ మీద రెండు ఎర్రటి మరకలు ఇప్పటికీ చూపిస్తారు. అక్షి అంటే కన్ను కదా. మంటపం పైకప్పు బొమ్మల కింద మెడ నొప్పెట్టేదాకా నిలబడి చూసినవాళ్ళు మూడో అర్థం చెప్తారు: లేపనం, అక్షి కలిసి రంగు పూసిన కన్ను అని. ఏది నిజమో తేల్చే చదువు నాకు లేదు. కానీ మొదటి కథకూ మిగతా రెండింటికీ మధ్యనున్నది ఒక్క దీర్ఘం. లేపక్షి, లేపాక్షి. నోటితో అనేటప్పుడు ఆ తేడా గాలికి కొట్టుకుపోతుంది. కంప్యూటర్లో మాత్రం పోదు. అక్కడ ఆ దీర్ఘానికి ఒక నంబరుంది: 3134.

కంప్యూటరుకు అక్షరాలు రావు, అంకెలే వచ్చు. ప్రపంచంలోని లిపులన్నిటికీ తలా ఒక పేట కేటాయించి, ఒక్కో అక్షరానికి ఒక్కో ఇంటి నంబరు ఇచ్చిన పట్టిక పేరు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. మన పేట 3072తో మొదలై 3199తో ముగుస్తుంది, మొత్తం 128 ఇళ్ళు. అందులో అచ్చులకు, హల్లులకు ఇళ్ళున్నాయి. గుణింతపు గుర్తులకూ ఉన్నాయి. వత్తులకు మాత్రం విడిగా ఇళ్ళు లేవు. హల్లు, పొల్లు, హల్లు అని వరసగా రాస్తే వత్తుగా మార్చి చూపించే పని ఫాంటుది.

లేపాక్షి అని రాస్తే మనకు కనిపించేవి మూడక్షరాలు: లే, పా, క్షి. లోపల దాచుకున్నవి ఎనిమిది నంబర్లు. ల 3122, ఏత్వం 3143, ప 3114, దీర్ఘం 3134, క 3093, పొల్లు 3149, ష 3127, గుడి 3135. అక్షరమాల చివర క్ష అని ఒక అక్షరం దిద్దించి పెద్ద చేశారు మనల్ని. యంత్రానికి అలాంటి అక్షరమే లేదు. క ఉంది, పొల్లుంది, ష ఉంది.

దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. ఏదో వ్యాసంలో ‘పూరిపాక’ అన్న మాట ఎక్కడ రాశానా అని ‘పాక’ కోసం వెతికాను. కర్సరు పోయి లేపాక్షి మీద నిలబడింది. మొదట తికమకపడ్డాను. తర్వాత లెక్క వేస్తే సరిగ్గానే ఉంది. పాక అంటే 3114, 3134, 3093. లేపాక్షి నడుమ ఉన్నవి సరిగ్గా అవే మూడు. ఆ క కింద ష వత్తు ఉందనీ, అది క కాదు క్ష అనీ మన కంటికి తెలుసు. వెతికే ప్రోగ్రాము చూసేది నంబర్ల వరుస. వరుస కుదిరింది, ఆగింది.

అడగనిది చూపించడం నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదనడమే ప్రాణం తీస్తుంది.

లేపాక్షి గురించి చాలాకాలంగా ఒకే ఫైల్లో నోట్సు రాసుకుంటున్నాను. విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ అధికారులు. అచ్యుతరాయలు ఏలింది 1529 నుంచి 1542 దాకా. కాబట్టి ఆ ఫైలు నిండా పెనుకొండలే. ఒకరోజు పెనుకొండ అని కొట్టి వెతికితే సగం పేజీలు అసలు రాలేదు. తెర మీద పెనుకొండ అని కనిపిస్తూనే ఉంది, ప్రోగ్రాము మాత్రం ఇక లేవంటోంది. గంటసేపు తల బాదుకున్నాక తెలిసింది, తప్పంతా సున్నలో ఉందని. తెలుగు పేటలో రెండు సున్నలున్నాయి. పూర్ణానుస్వారం నంబరు 3074. తెలుగు అంకెల్లోని సున్న నంబరు 3174. చాలా ఫాంట్లలో రెండూ కవల పిల్లలు. అప్పట్లో నేను వాడిన ఒక టైపింగు ప్రోగ్రాములో సున్న కోసం చేతికి అందిన మీట నొక్కితే అంకె పడేదన్నమాట. నేను ఏళ్ళ తరబడి పెనుకొండ నడుమ గణితపు సున్న పెడుతూ వచ్చాను. చదివినవాళ్ళెవరూ కనిపెట్టలేదు, కనిపెట్టడానికి కంటికేం తేడా ఉంది గనక.

తెలుగు కథే ఇలా ఉంటే, ఇంగ్లిషు లిపిలో రాసిన సంస్కృతం, పాళీల గతి ఇంకా విచిత్రం.

శాసనాలు చదివేవాళ్ళకు ఇంగ్లిషు లిపి అవసరం ఎందుకొచ్చిందో లేపాక్షి గోడలే చెబుతాయి. ఇప్పుడు అది ఆంధ్రప్రదేశ్‌లోని ఊరు, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. గుడి ప్రాకారం మీది శాసనాలు మాత్రం ఎక్కువభాగం కన్నడంలో ఉన్నాయి. ఒకే సీమలో కన్నడం, తెలుగు, సంస్కృతం, ఇంకాస్త దక్షిణానికి పోతే తమిళం. వీటన్నిటినీ ఒకే పుస్తకంలో ఒకే అచ్చుతో వేయాలంటే ఉమ్మడి లిపి ఒకటి కావాలి. ఇంగ్లిషుకున్నవి 26 అక్షరాలు. వాటితో త, ట తేడా చూపించలేం. న, ణ చూపించలేం. స, శ, ష ముగ్గురూ ఒకే ‘ఎస్’ చెట్టు కింద నిలబడాలి. అందుకని అక్షరాల నెత్తిన గీతలు, కింద చుక్కలు పెట్టారు. 1894లో జెనీవాలో జరిగిన ప్రాచ్యవిద్యా పండితుల సభ ఈ పద్ధతిని ఒక కొలిక్కి తెచ్చింది. ఇంగ్లిషు ‘ఏ’ మీద అడ్డగీత పెడితే ఆ. ‘టీ’ కింద చుక్క పెడితే ట. ‘ఎస్’ మీద వాలుగీత పెడితే శ, కింద చుక్క పెడితే ష.

కొలిక్కి వచ్చిందన్నది మాటవరసకే. మద్రాసులో శాసనాధికారిగా పనిచేసిన హుల్ట్‌జ్ కాలపు ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంపుటాల్లో దీర్ఘానికి అడ్డగీత ఉండదు, చిన్న టోపీ ఉంటుంది. షకు చుక్క ఉండదు, ‘ఎస్, హెచ్’ జంట ఉంటుంది. సంస్కృత పండితులు లేపాక్షిని రాస్తే దీర్ఘం మీద ఒక్క గీతే పెడతారు. సంస్కృతంలో ఏకారం ఎప్పుడూ దీర్ఘమే, దానికి మళ్ళీ గీతెందుకని వాళ్ళ లెక్క. తెలుగువాళ్ళకు ఎ వేరు, ఏ వేరు. మనవాళ్ళు రెండు గీతలు పెట్టాల్సిందే. 2001లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15919 మన పక్షం వహించింది. రోడ్డు మీద బోర్డు రాసేవాడికి గీతలూ లేవు, చుక్కలూ లేవు. అంటే ఒకే ఊరికి ఇంగ్లిషు లిపిలోనే నాలుగు పేర్లు తయారయ్యాయి. ఒకటి వెతికితే మిగతా మూడూ చిక్కవు.

గీతలూ చుక్కలూ మీటల మీద లేవు కాబట్టి ఈమెయిళ్ళ కాలంలో పండితులు పెద్దక్షరాలతో సర్దుకున్నారు. హార్వర్డ్-క్యోటో పద్ధతిలో పెద్ద ‘ఎస్’ అంటే ష, ‘జెడ్’ అంటే శ. ఎస్ఎల్‌పీ1 అనే మరో పద్ధతిలో పెద్ద ‘ఎస్’ అంటే శ, ‘జెడ్’ అంటే ష. ఒక పద్ధతిలో దాచిన పాఠాన్ని రెండో పద్ధతిలో వెతికితే శివుడు షివుడైపోతాడు. తెలుగువాళ్ళం ‘ఎక్స్’ కొట్టి క్ష రప్పించే అలవాటు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మన సొంత పద్ధతి నుంచి నేర్చుకున్నాం.

ఇంతకూ ఆ చుక్కల అక్షరాలు మొదట్లోనే కంప్యూటర్లో ఎందుకు లేవు? పాత కంప్యూటర్లలో ఒక అక్షరానికి ఒక బైటు. ఒక బైటులో పట్టేవి 256 నంబర్లే. అందులో మొదటి సగం ఇంగ్లిషుకు పోయింది. మిగిలిన సగాన్ని ఒక్కో ప్రాంతం వాళ్ళు ఒక్కో రకంగా పంచుకున్నారు. పశ్చిమ ఐరోపా పట్టికలో ‘ఎన్’ మీద అలగీత ఉన్న అక్షరం స్పానిష్ కోసం చేరింది, దాని పుణ్యాన మన ఞకు చోటు దొరికింది. ఏ, ఐ, యూల మీద గీతలు లాట్వియా వాళ్ళకు కావాలి, అవి బాల్టిక్ పట్టికలో ఉన్నాయి. వాలుగీత ‘ఎస్’ పోలండ్ వాళ్ళది, శ అక్కడ తలదాచుకుంది. ట, డ, ణ, ష. ఈ నాలుగింటికి మాత్రం ఏ పట్టికలోనూ చోటు లేదు. నాలుక మడిచి పలికే ఈ హల్లులను కింద చుక్కతో రాసే దేశం ఐరోపాలో ఒక్కటీ లేకపోయింది మరి.

దాంతో పండితులు దొంగదారి పట్టారు. తమకు అక్కరలేని ఫ్రెంచి, జర్మన్ అక్షరాల ఇళ్ళు ఖాళీ చేయించి వాటిలో చుక్కల అక్షరాలను దించారు. ఫాంటులో బొమ్మ మారింది, నంబరు పాతదే. 1990లో వియన్నాలో జరిగిన ప్రపంచ సంస్కృత సభలో, ఎవరిష్టం వాళ్ళు కాకుండా అందరూ ఒకే ఇంట్లో దిగుదామని ఒక ఒప్పందం చేసుకున్నారు. అయినా పాళీవాళ్ళ ఫాంట్లు పాళీవాళ్ళవే, ముద్రణాలయాల ఫాంట్లు వాళ్ళవే. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే బుద్ధవచనం నడుమ ఫ్రెంచి అక్షరాలు ప్రత్యక్షమయ్యేవి.

తెలుగు డీటీపీ సెంటర్లలో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. అను, శ్రీలిపి ఫాంట్లతో కూర్చిన పుస్తకం అచ్చులో ముత్యాల్లా ఉంటుంది. అదే ఫైల్లోంచి ఒక ముక్క కాపీ చేసి వేరేచోట అతికిస్తే ఇంగ్లిషు అక్షరాలూ కొక్కేలూ కుప్పగా పడతాయి. తలకట్టు ఒక నంబరు, దాని కింద ఒళ్ళు ఇంకో నంబరు, వత్తు మరొకటి. అవన్నీ ఇంగ్లిషు ఇళ్ళల్లో అద్దెకున్నాయి. ఆ ఫైళ్ళలో తెలుగు కనిపిస్తుంది గాని తెలుగు లేదు. పాతికేళ్ళ తెలుగు పుస్తకాలు ఈ రకంగా వెతకడానికి వీల్లేని స్థితిలో ఉండిపోయాయి. రాతి శాసనం దీనికంటే నయం. దాని మీద ఉన్నది అక్షరమే.

యూనికోడ్ వచ్చాక 1993 కూర్పులో చుక్కల ‘ఎస్’కు సొంత ఇల్లు దొరికింది, నంబరు 7779. అదే పేటలో వియత్నాం అక్షరాలు కూడా కాపురముంటాయి, వాళ్ళకూ కింద చుక్కలున్నాయి కాబట్టి. ఇక్కడితో కథ సుఖాంతం కావలసింది. కాలేదు, ఎందుకంటే అదే అక్షరాన్ని రాయడానికి రెండో దారి కూడా ఉంచారు. మామూలు ‘ఎస్’ 115. దాని వెనకే ‘కింద చుక్క’ అనే గుర్తు 803. ఈ రెండూ పక్కపక్కన పెడితే తెర మీద అదే చుక్కల ‘ఎస్’ వస్తుంది. ఒకటి ఒంటి నంబరు, ఇంకోటి జంట. చూపులో ఒకటే, వెతుకులాటలో కాదు. మీరు 7779 వెతుకుతుంటే 115, 803 పక్కనుంచి వెళ్ళిపోతుంది. ఏ ప్రోగ్రాములోంచి కాపీ చేశారన్నదాన్ని బట్టి ఒకే పేజీలో రెండు రకాలూ కలిసిపోవచ్చు. పైగా రుమేనియా వాళ్ళకు ‘ఎస్’ కింద కామా ఉన్న అక్షరం ఒకటుంది, 537. స్కాన్ చేసిన పుస్తకాన్ని యంత్రం చేత చదివిస్తే చుక్కకూ కామాకూ తేడా పోల్చుకోలేక ఒక్కోసారి దాన్ని తెచ్చి పెడుతుంది.

జంటా, ఒంటీ రెండూ సమానమేనని యూనికోడ్ నియమావళి చెబుతుంది. పాఠాన్నంతా ఒకే రూపానికి తెచ్చే పద్ధతి కూడా ఇచ్చింది. దాని పేరు నార్మలైజేషన్. తెలుగు పేటలోనూ ఇలాంటి జంట ఒకే ఒక్కటుంది. ఐత్వం 3144. అదే ఎత్వం 3142, దాని కింద వేలాడే గుర్తు 3158గా విడగొట్టి కూడా రాయొచ్చు. రెండూ ఒకటేనని నియమం. అయితే నియమం ఉన్నంత మాత్రాన ప్రతి వర్డ్ ప్రాసెసరూ వెతికే ముందు పాఠాన్ని సరిచూసుకుంటుందని లేదు. నా పెనుకొండ సున్నకైతే ఆ నియమం కూడా దిక్కు కాదు. అక్షరం సున్న, అంకె సున్న నియమం దృష్టిలో సమానాలు కావు, వేర్వేరు మనుషులు.

పాళీ విషయంలో గొడవంతా మళ్ళీ సున్న దగ్గరే. పాళీలో దాన్ని నిగ్గహీతం అంటారు. ఇంగ్లిషు లిపిలో కొందరు ‘ఎం’ కింద చుక్క పెడతారు, కొందరు పైన పెడతారు. రెండూ ఒప్పే. సంఘం అన్న మాటను సున్నతో రాసేవాళ్ళున్నారు, ఙతో రాసేవాళ్ళున్నారు. మనకు పండితుడు, పణ్డితుడు ఉన్నట్టే. ఇగత్‌పురిలోని విపశ్యన పరిశోధన సంస్థ పాళీ త్రిపిటకాలను ఎన్నో లిపుల్లో పెట్టింది, వాటిలో తెలుగు లిపి కూడా ఉంది. బుద్ధుడి మాటను మన అక్షరాల్లో చదువుకోవచ్చు. వెతకడానికి వచ్చేసరికి ఒక మెలిక ఉంది. మైత్రికి పాళీ మాట పలికేటప్పుడు మెత్తా, జంట హల్లు ముందు ఎకారం పొట్టిదవుతుంది. దేవనాగరిలో ఎ, ఏ అన్న తేడా లేదు. దానిలోంచి ఒక్కొక్క అక్షరాన్నే తెలుగులోకి మార్చుకుంటూ పోతే మేత్తా అవుతుంది. చెవితో విని వెతికేవాడికి ఒకటి, కంటితో చూసి వెతికేవాడికి ఇంకొకటి.

పాళీకి దగ్గరి చుట్టమైన ప్రాకృతం లేపాక్షి ఉన్న సీమలోనే రాళ్ళకెక్కింది. గుత్తి దగ్గరి ఎర్రగుడి అశోక శాసనాలు 1929లో బయటపడ్డాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మడిలో ఎద్దులు ఒక చాలు పోయి మళ్ళుకుని ఇంకో చాలు వచ్చినట్టు. ఆ బ్రాహ్మీ లిపికి యూనికోడ్‌లో 2010లో చోటు వచ్చింది. ఇళ్ళు 69632 నుంచి మొదలు, ఊరికి చాలా దూరంలో. అంత పెద్ద నంబర్లను పాత ప్రోగ్రాములు రెండు ముక్కలు చేసి దాచుకుంటాయి. కర్సరు ఒక్కోసారి ఒకే అక్షరం నడుమ ఇరుక్కుంటుంది.

మన పేటలోనూ ఆలస్యంగా వచ్చిన కాపురస్తులున్నారు. సంస్కృత శ్లోకాల్లో వచ్చే అవగ్రహం ఽ తెలుగులో 2008 దాకా లేదు. అందాకా దాని చోట ఇంగ్లిషు ‘ఎస్’ పెట్టి కానిచ్చినవాళ్ళున్నారు, ఆ స్తోత్రాలు ఇంకా అలాగే తిరుగుతున్నాయి. పాత శాసనాల్లో కనిపించే ఴ 2014లో వచ్చింది. నకారపొల్లు 2021లో.

శాసనాల భాషకు ఇంకో అలవాటుంది. రేఫ తర్వాతి హల్లును రెట్టించి రాస్తారు: ధర్మ్మ, అర్త్థ. ‘ధర్మ’ అని వెతికితే ధర్మ్మ దొరుకుతుంది. మొదటి నాలుగు నంబర్లూ కుదురుతాయి కాబట్టి, పాక దొరికిన పద్ధతిలోనే. ‘అర్థ’ అని వెతికితే అర్త్థ దొరకదు, నడుమ త దూరింది కాబట్టి. ధర్మం చిక్కి అర్థం చిక్కకపోవడం వేదాంతంలా ఉంది గాని, ఇది లెక్క మాత్రమే.

లేపాక్షి గోడల మీది కన్నడ గ, తెలుగు గ చూడ్డానికి ఒకటే. ఆ కాలానికి రెండు లిపులూ పూర్తిగా వేరు పడనేలేదు. యూనికోడ్‌లో తెలుగు గ 3095, కన్నడ గ 3223. సరిగ్గా 128 ఇళ్ళ దూరం. క తీసుకున్నా, ర తీసుకున్నా అదే దూరం. కారణం, ఈ పేటలన్నిటినీ ఇస్కీ అనే భారతీయ ప్రమాణం నమూనా మీద వేశారు. ఆ ఇస్కీలో గ అంటే అన్ని లిపులకూ ఒకటే నంబరు, ఏ లిపిలో చూపించాలో వేరే గుర్తు చెబుతుంది. వెతకడం ఒక్కటే పనైతే ఆ పాత ఉమ్మడి కుటుంబమే మేలనిపిస్తుంది నాకు. వేరు కాపురాలు పెట్టాక తెలుగులో వెతికినవాడికి కన్నడ శాసనం దొరకదు, అక్షరం పక్కింటిదే అయినా.

ఇక పని జరిగే దారులు. ఒక అక్షరం మీద అనుమానం వస్తే మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో దాని వెనక కర్సరు పెట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. అక్షరం పోయి దాని నంబరు బయటపడుతుంది. మళ్ళీ నొక్కితే అక్షరం వస్తుంది. ఆ నంబరు పదహారు లెక్కలో ఉంటుంది. చివర 02 ఉంటే అసలు సున్న, 66 ఉంటే అంకె. లిబ్రేఆఫీస్‌లోనూ ఇదే మీట పనిచేస్తుంది. మీటల మీద లేని చుక్కల ‘ఎస్’ను వర్డ్‌లో వెతకాలంటే వెతికే పెట్టెలో ^ గుర్తు, దాని పక్కన చిన్న ‘యూ’ అక్షరం, ఆ పక్కన 7779 కొట్టాలి. ఇక్కడ మాత్రం మామూలు పది లెక్క. ఒకే సంస్థ ఒకచోట పదహారు, ఒకచోట పది ఎందుకు పెట్టిందో వాళ్ళకే తెలియాలి. గీతలూ చుక్కలూ పట్టించుకోవాలో వద్దో చెప్పే గడి లిబ్రేఆఫీస్‌లో ఉంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో 2020 నుంచి ఉంది. గడిలో టిక్కు తీసేస్తే బోర్డు మీది లేపాక్షి, టోపీల లేపాక్షి రెండూ దొరుకుతాయి. పండితుడి లేపాక్షి మాత్రం ‘ఎస్, హెచ్’ జంటకు బదులు ఒక్క చుక్కల ‘ఎస్’ ఉన్నందుకు అప్పటికీ తప్పించుకుంటుంది. దానికోసం విడిగా ఇంకోసారి వెతకాల్సిందే.

కంటికి కనిపించని గుర్తు ఒకటి మిగిలింది. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ట కింద వ వత్తు పడకుండా నడుమ ఒక అదృశ్యాక్షరం పెడతాం, నంబరు 8204. పెట్టినవాళ్ళ సాఫ్ట్‌వేర్ పెట్టనివాళ్ళకు దొరకదు. ఇంటర్నెట్‌లో గూగుల్ ఇలాంటివి చాలావరకు సర్దుకుని వెతికిపెడుతుంది, ఆ ధీమాతోనే మనం సొంత ఫైళ్ళ దగ్గర బోల్తా పడతాం.

పెద్ద పాఠం మీద పనిచేసేవాళ్ళు అనుసరించే ఉపాయం వేరు. అసలు పాఠాన్ని ముట్టుకోరు. శాసనంలో తప్పున్నా తప్పు అలాగే ఉండాలి, అది సాక్ష్యం. దాని పక్కన ఒక నకలు తయారుచేసి, అందులో జంటల్ని ఒంటి చేసి, గీతలు చెరిపి, వర్గపు అనునాసికాలన్నిటినీ సున్నలుగా మార్చి, రెట్టించిన హల్లుల్ని ఒంటి హల్లులు చేసి పెట్టుకుంటారు. వెతికేది నకల్లో, చదివేది అసల్లో. నా ఫైలుకు ఆ మర్యాద అక్కర్లేదు, అందులో తప్పు నాదే. మాటల నడుమ దూరిన అంకె సున్నలన్నీ ఒక్క దెబ్బతో అక్షరం సున్నలుగా మార్చేశాను. ఇప్పుడు పెనుకొండలన్నీ వరసగా దొరుకుతున్నాయి.

పూరిపాక కోసం ‘పాక’ అని వెతికితే మాత్రం ఇప్పటికీ లేపాక్షే వస్తోంది.